ఇంటెల్ మ్యాక్ ఇప్పుడే కొనాలా, యాపిల్ సొంత చిప్ వచ్చేదాకా ఆగాలా? (2020 ఆగస్టు నాటి ప్రశ్న, సమాధానం)

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, మిర్చి యార్డు కమిషన్ వ్యాపారుల బిల్లు పుస్తకాలు, విజయవాడ ప్రచురణకర్తల పుస్తకాల కంపోజింగ్ మా పని. అంతా అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తాం. ఉన్న డెస్క్‌టాప్ పాతబడిపోయింది, పని మధ్యలో ఆగిపోతోంది. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కరోనా వల్ల తరగతులన్నీ ఇంటి నుంచే. ఐఫోన్ యాప్‌లు తయారుచేయడం నేర్చుకుంటానని మ్యాక్‌బుక్ అడుగుతున్నాడు. ఒకే మ్యాక్‌బుక్ కొని అందులో విండోస్ కూడా వేయించుకుంటే ఇద్దరికీ సరిపోతుందని లక్షా పాతిక వేలు సిద్ధం చేసుకున్నాం. ఇంతలో బెంగళూరులో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేసి, యాపిల్ ఇంటెల్‌ను వదిలేసి సొంత ప్రాసెసర్లు పెట్టబోతోంది, ఇప్పుడు కొంటే డబ్బు నీళ్లపాలే అన్నాడు. విజయవాడలో షాపతను మాత్రం, అవి మన దాకా రావడానికి ఏళ్లు పడుతుంది, ఉన్నదే తీసుకోండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి? – ఒక సోదరి, గుంటూరు

సమాధానం: ముందు తేల్చి చెప్పేస్తాను. మీ సెంటర్ కోసం మంచి విండోస్ డెస్క్‌టాప్ ఒకటి వెంటనే కొనండి. మ్యాక్‌బుక్ ఇప్పుడు వద్దు, అబ్బాయిని వచ్చే వేసవి దాకా ఓపిక పట్టమనండి. ఒక్క యంత్రంతో ఇద్దరి పనీ గడుస్తుందన్న ఆలోచన మానుకోండి. ఎందుకో వివరంగా చెబుతాను. ఇందులో ప్రాసెసర్ కన్నా మీరు ఇన్నేళ్లుగా కంపోజ్ చేసి దాచుకున్న తెలుగు ఫైళ్ల గురించే నాకు ఎక్కువ బెంగగా ఉంది.

యాపిల్ ప్రకటన సంగతి ముందు చూద్దాం. 2020 జూన్ 22న యాపిల్ సీఈఓ టిమ్ కుక్ ఈ మార్పును అధికారికంగా ప్రకటించారు. సొంత చిప్‌తో తొలి మ్యాక్ ఈ ఏడాది చివరికల్లా వస్తుందని, మొత్తం మార్పిడికి సుమారు రెండేళ్లు పడుతుందని చెప్పారు. కాబట్టి ఏళ్లు పడుతుందన్న షాపతని మాట నిలవదు. ఇంటెల్ మ్యాక్‌లకు కొత్త మ్యాక్ ఓఎస్‌లు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఇంకా కొన్నేళ్ల పాటు ఇస్తామని కూడా అదే వేదిక మీద హామీ ఇచ్చారు. ఆ తర్వాత ఆగస్టు 4న ఇంటెల్ ప్రాసెసర్‌తోనే కొత్త 27 అంగుళాల ఐమ్యాక్‌ను విడుదల చేశారు. ఇప్పుడు కొన్నవారి డబ్బంతా నీళ్లపాలవుతుందన్న మీ తమ్ముడి మాట కూడా అంత నిజం కాదు. అయితే ఇద్దరిలో ఎవరి వైపు మొగ్గాలంటే, నేను మీ తమ్ముడి వైపే మొగ్గుతాను.

దానికి పాత అనుభవం ఒకటి ఆధారంగా ఉంది. యాపిల్ ఇలా ప్రాసెసర్ల కుటుంబాన్నే మార్చడం ఇది మూడోసారి. 1994లో మోటరోలా 68000 వరుస నుంచి పవర్‌పీసీకి, 2006లో పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు మారింది. ఆ రెండో మార్పిడి మనకు బాగా ఉపయోగపడే పాఠం. 2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ ప్రకటించారు, 2006 జనవరిలో తొలి ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి, ఆగస్టుకల్లా మార్పిడి అయిపోయింది. చెప్పిన గడువు కన్నా ముందే ముగించారన్నమాట. 2009 ఆగస్టులో వచ్చిన స్నో లెపర్డ్ అనే మ్యాక్ ఓఎస్ పవర్‌పీసీ యంత్రాల మీద ఎక్కనే లేదు. పాత ప్రోగ్రామ్‌లను కొత్త చిప్ మీద నడిపించిన రోజెట్టా అనే అనువాద సాధనాన్ని కూడా 2011లో లయన్ అనే తర్వాతి ఓఎస్‌తో తీసేశారు. 2006 వేసవిలో ఖరీదైన పవర్‌మ్యాక్ కొన్నవారికి మూడేళ్లకే కొత్త ఓఎస్‌లు ఆగిపోయాయి. ఈసారీ సరిగ్గా అంతే కాలం పడుతుందని నేను అనను. కానీ ఒక కంప్యూటర్‌ను ఏడెనిమిదేళ్లు వాడుకునే ఇల్లు మీది. అటువంటి ఇంటికి ఈ చరిత్ర చెప్పకుండా సలహా ఇవ్వడం అన్యాయం.

ఇంటెల్‌ను ఎందుకు వదులుతున్నారన్నది కొనేవారికి కూడా తెలియాల్సిన విషయమే. ఇంటెల్ తన కొత్త తరం తయారీ పద్ధతులను చెప్పిన సమయానికి తేలేకపోయింది. ఈ పద్ధతులను నానోమీటర్లలో చెబుతారు, అంకె తగ్గేకొద్దీ పద్ధతి కొత్తది. 10 నానోమీటర్ల చిప్‌లు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. 7 నానోమీటర్లవీ వెనకబడ్డాయని 2020 జూలైలో ఆ కంపెనీయే ఒప్పుకుంది. యాపిల్ మాత్రం 2008లో పీఏ సెమీ అనే చిప్‌ల సంస్థను కొన్నప్పటి నుంచి సొంత బృందాన్ని పెంచుకుంటూ వచ్చింది. 2010లో ఏ4, 2013లో ఫోన్లలోకి తొలి 64 బిట్ల చిప్‌గా ఏ7, 2020 మార్చిలో ఐప్యాడ్ ప్రోలో ఏ12జెడ్ వచ్చాయి. డెవలపర్లకు పరీక్షల కోసం ఇచ్చిన మ్యాక్ మినీలో పెట్టింది కూడా ఈ ఏ12జెడ్‌నే. ఐప్యాడ్‌లో ఫ్యాను లేకుండా, పెద్దగా వేడెక్కకుండా, తక్కువ విద్యుత్తుతో పనిచేసే చిప్ ఇది. ల్యాప్‌టాప్‌లో మనకు కావాల్సింది అదే కదా, అందులోనూ గుంటూరు మే నెలలో. అందుకే కొత్త మ్యాక్‌లు బాగుంటాయనే నా గట్టి నమ్మకం. అబ్బాయిని ఆగమనడానికి సగం కారణం ఇది.

మీ విషయానికొస్తే, మీరు అనుకున్న ఏర్పాటు బూట్ క్యాంప్ మీద ఆధారపడింది. మ్యాక్‌లోనే విండోస్ వేసుకుని, ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో ఎంచుకునే సౌకర్యం అది. 2006లో ఇంటెల్‌కు మారడం వల్లే అది సాధ్యమైంది. ఇప్పుడు ఇంటెల్‌తో పాటే అదీ వెళ్లిపోతోంది. కొత్త మ్యాక్‌లను నేరుగా మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో మొదలుపెట్టే వీలు ఉండదని యాపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడరిగీ జూన్‌లోనే స్పష్టంగా చెప్పారు. ఆర్మ్ చిప్‌ల (యాపిల్ సొంత చిప్‌లూ ఈ రకానివే) కోసం విడిగా ఒక విండోస్ ఉంది గానీ, 2020 ఆగస్టు నాటికి మైక్రోసాఫ్ట్ దాన్ని కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలకే ఇచ్చేది, మీకూ నాకూ అమ్మేది కాదు.

ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రామ్ ఆర్మ్ చిప్‌కు ఎందుకు అర్థం కాదో మీ పనిలోంచే చెప్పవచ్చు. అను ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫైలు చెడిపోలేదు, ఆ సంకేతాలు తెలిసినది అక్కడ లేదు, అంతే. ప్రాసెసర్ ఆదేశాలూ అలాంటివే. ఈ ఇబ్బంది తీర్చడానికి యాపిల్ రోజెట్టా 2 తెస్తోంది. మ్యాక్ కోసం రాసిన పాత ఇంటెల్ ప్రోగ్రామ్‌లను అది కొత్త చిప్ భాషలోకి మార్చి నడిపిస్తుంది. మ్యాక్ లోపల విండోస్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లను మాత్రం అనువదించదని యాపిల్ తన డెవలపర్లకు ముందే చెప్పింది. అంటే మీ అను, మీ పేజ్‌మేకర్, లెక్కల కోసం టాలీ వాడుతుంటే అదీ, ఏవీ నేరుగా కొత్త మ్యాక్‌లోకి రావు.

అలాగైతే చివరి ఇంటెల్ మ్యాక్‌ను ఇప్పుడే కొని దాచుకోవడం మేలు కదా అని మీకు అనిపించవచ్చు. ఇలా ఆలోచించేవారు విజయవాడలో డిజైనర్లలోనే చాలామంది ఉన్నారు. పెళ్లి ఆల్బమ్‌ల పని ఫోటోషాప్‌లో చేస్తూ, తెలుగు పేర్ల కోసం మాత్రం విండోస్‌లోకి వెళ్లేవారికి అది కొంత సబబే. మీకు కాదు. మీ పనిలో ఒక్కటి కూడా మ్యాక్ అడగడం లేదు. విండోస్ నడపడానికి లక్షా ఇరవై వేల యంత్రం ఎందుకు? పైగా మీ బడ్జెట్‌లో వచ్చే 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, అంటే 2020లో రూ. 1,22,990 ఉన్న మోడల్‌లో ఉన్నది ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరే. 2020 మే నెలలో కొత్తగా వచ్చిన యంత్రమే అయినా లోపల చిప్ పాతది. ర్యామ్ 8 జీబీ. అది బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. నిల్వ 256 జీబీ. అందులో విండోస్‌కు సగం ఇస్తే మీ అబ్బాయికి మిగిలేది చాలా తక్కువ. యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ ఒక్కటే అందులో పెద్ద వాటా తినేస్తుంది.

ఇంకొక సంగతి ఏ ప్రాసెసర్‌తోనూ తీరేది కాదు. అబ్బాయి తరగతులు పొద్దున్నే మొదలవుతాయి. మీ సెంటర్‌కు ప్రూఫులు పట్టుకుని జనం వచ్చేదీ అప్పుడే. ప్రచురణకర్త ఫోన్‌లో తొందరపెడుతుంటే, పిల్లవాడు ల్యాబ్ పరీక్షలో ఉంటే, ఆ ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో ఉండాలి? ఇలాంటప్పుడు తగ్గేది అమ్మే. మీ జీవనాధారమైన యంత్రాన్ని మీరు ఎవరితోనూ పంచుకోకూడదని నా పట్టుదల.

కాబట్టి నలభై, నలభై అయిదు వేలలో ఎస్ఎస్‌డీ ఉన్న, 8 జీబీ ర్యామ్‌తో, తర్వాత ఇంకో 8 చేర్చుకునేలా ఖాళీ స్లాటు ఉన్న డెస్క్‌టాప్ తీసుకోండి. పాత మానిటర్ బాగుంటే అదే ఉంచుకోండి. కొనే ముందు మీ అను స్క్రిప్ట్ మేనేజర్ అందులో ఎక్కించి, ఒక పుస్తకం ఫైలు తెరిచి, ప్రింటు తీసి చూపమని షాపులో అడగండి. సెంటర్‌కు మామూలు పద్ధతిలో జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు సెంటర్ పేరున తీసుకోండి. కంప్యూటర్ మీద కట్టే 18 శాతం పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, పొందవచ్చు. చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు నా బెంగ సంగతి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దాని యజమాని అడోబీ కంపెనీ అభివృద్ధిని 2004లోనే ఆపేసింది. పదహారేళ్లుగా ఎవరూ పట్టించుకోని సాఫ్ట్‌వేర్ మీద గుంటూరు, విజయవాడ ప్రెస్‌లలో ఎన్నో పుస్తకాలు ఇప్పటికీ తయారవుతున్నాయంటే అది మన కంపోజర్ల చేతి నైపుణ్యం, కాదనను. కానీ ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం ఊడినా పని ఆగిపోతుంది. మ్యాక్ వైపు అది ఎప్పుడో ఊడింది. 2019 అక్టోబరులో వచ్చిన కాటలీనా అనే మ్యాక్ ఓఎస్, 32 బిట్ల పాతకాలపు ప్రోగ్రామ్‌లన్నిటినీ ఒక్కసారిగా పక్కన పెట్టింది. పేజీలు కూర్చే అడోబీ వారి ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో పేజ్‌మేకర్ ఫైలు నేరుగా తెరుచుకోదు, సీఎస్6 అనే పాత వెర్షన్ దాకానే ఆ వీలు ఉండేది.

అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత స్థానం లేదు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో మన అచ్చులను, హల్లులను, వత్తులను ముక్కలుగా కూర్చారు. ఆ ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఆ ఫైలులో ఒక పేరు వెతకలేరు, ఫోన్‌లో పంపితే చదవలేరు, ఈ-పుస్తకంగా మార్చలేరు. ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లోనూ ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉంది. ‘క’ అంటే ఏ యంత్రంలోనైనా ‘క’యే. ఇంటెల్ చిప్ అయినా, యాపిల్ చిప్ అయినా, రేపు మరొకటి వచ్చినా ఆ పాఠం చెక్కుచెదరదు. మీరు యూనికోడ్‌లోకి వస్తే, ప్రాసెసర్ మారుతోందన్న వార్త మీకు గండంలా ఉండదు.

ఈ మాట చెప్పినప్పుడల్లా కంపోజర్లు ఫాంట్ల గురించే అడుగుతారు. అను ఫాంట్ల అందం, వాటి వైవిధ్యం నిజమే. పదేళ్ల కిందట యూనికోడ్‌లో శీర్షికకు పనికొచ్చే ఫాంటు దొరకడమే కష్టంగా ఉండేది. ఇప్పుడు మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ ఉన్నాయి. అన్నీ ఉచితం, అచ్చు పుస్తకాల్లోనూ వాడుకోవచ్చు. పుస్తకం లోపలి పేజీలకు మండలి నాకు నచ్చుతుంది, పొడవాటి వాక్యాల్లోనూ కంటికి శ్రమ ఇవ్వదు. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది. ఇన్‌డిజైన్‌లో తెలుగు సరిగ్గా రావాలంటే పేరాగ్రాఫ్ అమరికల్లో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. అది పెట్టకుండానే వత్తులు విడిపోతున్నాయని యూనికోడ్‌ను తిట్టుకునేవారు మన ప్రెస్‌లలో చాలామంది ఉన్నారు.

పాత ఫైళ్లన్నీ మార్చే పని పెట్టుకోకండి. కరపత్రాలు, పాత శుభలేఖలు అలాగే ఉండనివ్వండి. మళ్లీ ముద్రణకు వచ్చే పుస్తకాలు ఏవో మీకు తెలుసు. వాటిని మాత్రం అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలతో ఒక్కొక్కటిగా మార్చండి. మార్చాక ప్రూఫు చూడక తప్పదు. ముఖ్యంగా రకార వత్తు, రెండేసి వత్తులు ఉన్న అక్షరాలు, అరసున్నలు, కొటేషన్ గుర్తులు తప్పుతాయి. మిగిలిన పుస్తకాలకు ఫాంట్లతో సహా పీడీఎఫ్‌లు చేసి రెండు చోట్ల దాచండి. పెళ్లిళ్లు చిన్నవైపోయి ఈ శ్రావణంలో శుభలేఖల పని ఎలాగూ తగ్గింది. ఆ ఖాళీని దీనికి వాడుకోవచ్చు. యూనికోడ్ ఫైలుతో పాటు ఈ-పుస్తకానికి తగిన ప్రతి కూడా ఇస్తామంటే, విజయవాడ ప్రచురణకర్తలు అదనంగా ఇవ్వడానికి ముందుకు రావచ్చు. అడిగి చూడండి, మీ శ్రమకు ధర కట్టుకోవడంలో మొహమాటపడకండి.

ఇక అబ్బాయి. ఐఫోన్ యాప్‌లు చేయాలంటే మ్యాక్ తప్పదు, అతను అడిగింది సరైనదే. కానీ రెండో సంవత్సరంలో సీ, జావా, పైథాన్, డేటా స్ట్రక్చర్లు ఏ కంప్యూటర్‌లోనైనా నేర్చుకోవచ్చు. తరగతులకు ఇప్పుడు ఏ ల్యాప్‌టాప్ వాడుతున్నాడో దానితోనే ఈ ఏడాది నెట్టుకురమ్మనండి. అసలేదీ లేకపోతే, పరిచయస్థుల దగ్గర వాడిన విండోస్ ల్యాప్‌టాప్ ఒకటి తీసుకోండి. మిగతా డబ్బు బ్యాంకులో ఉంచండి. యాపిల్ చిప్‌ల మ్యాక్ రాగానే మొదటి రోజే పరుగెత్తవద్దు. ఏ మార్పిడిలోనైనా తొలి నెలల్లో ఏవో కొన్ని పనిచేయవు. అందులోనూ తెలుగు వంటి భాషల ఇబ్బందులు బయటపడేసరికి ఆలస్యమవుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర కూర్పు సందేశంలో వస్తే చాలు, ఐఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కుప్పకూలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. యాపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది గానీ, ఆ లోపం మాత్రం వాడేవాళ్ల చేతికి వచ్చాకే బయటపడింది. వేసవి నాటికి అతని కాలేజీ సాఫ్ట్‌వేర్లలో ఏవి కొత్త చిప్‌లో నేరుగా నడుస్తున్నాయో, ఏవి రోజెట్టా మీద నడుస్తున్నాయో తేలిపోతుంది. ఫోటోషాప్, లైట్‌రూమ్, మైక్రోసాఫ్ట్ ఆఫీసు కొత్త చిప్ మీద నడవడాన్ని జూన్‌లోనే చూపించారు. ఇన్‌డిజైన్ గురించి మాత్రం మీరు విడిగా వాకబు చేయాలి.

ఆ లోగా మీరు యూనికోడ్‌లో ఒకటి రెండు పుస్తకాలు చేసి ఉంటే, అబ్బాయి మ్యాక్ మీకూ పనికొస్తుంది. మ్యాక్‌లో తెలుగు కీబోర్డు, కోహినూర్ తెలుగు ఫాంటు ముందే ఉంటాయి. కొనే రోజు మీరూ వెంట వెళ్లండి. షాపులో ఆ మ్యాక్ మీద ‘జ్యోత్స్న’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘కార్త్స్న్యం’, ‘జ్ఞానం’ అని కొట్టండి. మీ పెన్‌డ్రైవ్‌లోని మండలి ఫాంటులో పెట్టి, పీడీఎఫ్ చేసి, నాలుగు వందల శాతానికి పెంచి వత్తులు చూడండి. అదే పీడీఎఫ్‌ను అక్కడి నుంచే మీకు ప్లేట్లు వేసే ప్రెస్‌కు పంపి ఒక పేజీ అచ్చు తీయించమనండి. వత్తులు సరిగ్గా పడ్డాయని వాళ్లు ఫోన్ చేశాకే బిల్లు రాయించుకోండి.